వర్తక సంఘంలో చేరితే ఫ్రీలాన్స్ రచయితకు ఉపయోగం ఉంటుందా?

గోదావరిగట్టు
ఆరేళ్లుగా ఇంటి నుంచే రాతపని చేస్తున్నాను. వెబ్‌సైట్లకు తెలుగు వ్యాసాలు, యాప్‌ల అనువాదం, ఆసుపత్రుల కరపత్రాలు. ఉండేది రాజమండ్రిలో, పని ఇచ్చేవాళ్లు మాత్రం హైదరాబాద్, బెంగళూరు ఏజెన్సీలవాళ్లు. ఏడాదిగా రేటు సగానికి పడిపోయింది. "యంత్రం అనువదించింది, మీరు సరిదిద్దితే చాలు" అంటున్నారు. అది సరిదిద్దడం కంటే కొత్తగా రాయడమే తేలిక. పైగా ఒక ఏజెన్సీ నుంచి 38,000 రూపాయలు నాలుగు నెలలుగా రావాలి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

మొన్న మా వీధి చివర పైపుల దుకాణం మావయ్యగారు ఒక మాట అన్నారు. "మా సంఘంలో చేరమ్మా. మూడు వందల మందిమి ఉన్నాం. ఆఫీసుకు ఒక ఉత్తరం రాయాలంటే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం." చేరడానికి 5,000, ఆపైన ఏటా 2,000 చందా. నాకు ఆశగా ఉంది. ఇంట్లో మాత్రం "ఇనుము, బట్టలు, ఎరువులు అమ్మేవాళ్ల మధ్య నువ్వు ఏం చేస్తావు?" అంటున్నారు. మీలో ఎవరైనా ఇలా చేరారా? పని దొరికిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నల్లసిరా
చేరకండి. నేను హైదరాబాద్‌లో వారం వారం ఉదయం ఏడు గంటలకు కలిసే ఒక రెఫరల్ బృందంలో ఏడాది ఉన్నాను. రుసుము, వారం వారం టిఫిన్ ఖర్చు కలిపితే నా రెండు నెలల సంపాదన పోయింది. అక్కడ ప్రతివారూ మిగతావారికి గిరాకీ తెచ్చిపెట్టాలి. ఒక రచయిత దగ్గరికి ఇల్లు కట్టించేవాడు, బీమా కావలసినవాడు ఎంతమంది వస్తారు? నేను తేలేకపోయాను, నాకు వచ్చినవి రెండే పనులు, అవీ "మనవాడివే కదా" ధరకు. ఆ డబ్బుతో మంచి నిఘంటువులు, ఒక కుర్చీ కొనుక్కుని ఉంటే నడుము నొప్పి అయినా తగ్గేది.

బెజవాడబండి
నల్లసిరా గారూ, మీరు చెప్పింది నిజమే. అయితే అది రెఫరల్ బృందం కథ, ఆవిడ అడిగింది ఊరి వర్తక సంఘం గురించి. రెఫరల్ బృందంలో ప్రతి వృత్తికీ ఒక్కరినే తీసుకుంటారు, ప్రతివారం లెక్క అడుగుతారు. ఊరి చాంబర్‌లో ఎవరూ లెక్క అడగరు. పన్నులు, కరెంటు, మున్సిపాలిటీ గొడవల మీద ఒక్క గొంతుగా మాట్లాడటానికి కలిసి ఉంటారు. ఇవి కాక ఒకే సరుకువాళ్ల సంఘాలు వేరే ఉంటాయి: మిల్లర్లు, బంగారం వర్తకులు, హోటళ్లవాళ్లు. మూడింటి ధర్మం మూడు రకాలు.

నా సంగతి చెబుతాను. ఆటోనగర్‌లో ఒక విడిభాగాల వ్యాపారుల సంఘం వార్షికోత్సవ సావనీర్‌కు ప్రూఫ్ చూడమని పిలిచారు. అచ్చుకు వెళ్లే ముందు రాత్రి. పాత అధ్యక్షుడి నివాళి పేజీలో "స్వర్గస్థులైనారు" అని ఉండాల్సిన చోట "స్వగ్రస్థులైనారు" అని ఉంది. అది పట్టుకున్నందుకు వాళ్ల అబ్బాయి నా చేయి పట్టుకుని వదల్లేదు. మరుసటి వారం ఆయనే లారీ బాడీ కట్టే తన షెడ్డుకు కొటేషన్ ఉత్తరాలు రాయించుకున్నాడు. పొరుగు రాష్ట్రాల నుంచి లారీలు వస్తాయి, గడువు, చెక్క రకం, పెయింటు, అడ్వాన్సు అన్నీ నోటిమాటగా నడిచేవి, చివర్లో పేచీలు. నేను రాసిచ్చిన రెండు పేజీల ఒప్పందం ఆ తర్వాత ఇంకో పదకొండు షెడ్లకు వెళ్లింది. ప్రతి షెడ్డూ డబ్బు ఇచ్చింది. అందులో సాహిత్యం లేదు. కానీ ఆ రెండు పేజీల వల్ల ఎన్ని తగాదాలు ఆగాయో నాకు తెలుసు, అది రాసినందుకు నాకు గర్వంగానే ఉంది.

ఓరుగల్లుకోట
చేరాలంటే జీఎస్టీ నంబరు అడుగుతారా? నాకు లేదు. దుకాణమూ లేదు, బోర్డూ లేదు.

పద్దుపుస్తకం
ఓరుగల్లుకోట గారూ, సేవలు అందించేవాళ్లకు ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేవరకూ జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. పక్క రాష్ట్రం క్లయింటుకు రాసినా అంతే. చాలా సంఘాలు పాన్ కార్డు, వృత్తికి సంబంధించిన ఏదో ఒక ఆధారం అడుగుతాయి. దానికి ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం సరిపోతుంది. 2020 జూలై 1 నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు, వాటి జోలికి పోవద్దు. రాతపని కూడా సేవా సంస్థ కిందికే వస్తుంది.

గోదావరిగట్టు గారూ, ముందు మీ 38,000 సంగతి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సేవ పొందినవాళ్లు, గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీని మీద ఇలాంటి బాకీల తగవులు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. మరో కొరడా కూడా ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో వచ్చిన మార్పు వల్ల, ఇలా గడువు దాటించిన బాకీని కంపెనీ ఆ ఏడాది ఖర్చు కింద చూపుకోలేదు. చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. అందుకే మార్చి నెలలో కంపెనీల లెక్కలవాళ్లు "మీకు ఉద్యమ్ ఉందా?" అని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తున్నారు. అయితే పని మొదలుపెట్టే నాటికే నమోదు ఉండాలి. పాత బాకీకి ఇప్పుడు నమోదు చేసుకుని అడిగితే వివాదం అవుతుంది. ఈరోజే చేసుకోండి, ఇకపై ప్రతి ఇన్వాయిస్ మీదా ఆ నంబరు వేయండి.

నల్లసిరా
చట్టం బాగుంది. కౌన్సిల్‌కు వెళ్లిన రచయితకు ఆ ఏజెన్సీ మళ్లీ పని ఇస్తుందా? ఇవ్వదు. అందుకే ఎవరూ వెళ్లరు. దీనికీ సంఘానికీ సంబంధం ఏమిటి?

మిర్చిఘాటు
సంబంధం ఉంది సార్. నేను రచయితను కాదు, గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం మాది. మా అమ్మాయి అనువాదాలు చేస్తుంది, ఆమె కోసం ఇక్కడ చదువుతుంటాను. యార్డులో ఒకరి చెక్కు వెనక్కి వస్తే సాయంత్రం టీ వేళకు అందరికీ తెలిసిపోతుంది. మరుసటి రోజు నుంచి అతనికి అరువు పుట్టదు. కాబట్టి తోటి సభ్యుడికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టడానికి మనిషి వెనకాడతాడు, అది పదివేలైనా సరే. బెంగళూరు ఏజెన్సీకి మీ మీద ఆ మొహమాటం ఎందుకు ఉంటుంది? మీరు వాళ్లకు ఒక ఈమెయిల్ చిరునామా. అదే మా సంఘంలో అయితే మా పక్క కుర్చీలో కూర్చునే మనిషి.

బెజవాడబండి
ఈ ఒక్క మాట కోసమే ఈ చర్చ దాచుకుంటాను. పద్నాలుగేళ్లలో నాకు రావాల్సిన డబ్బు పూర్తిగా మునిగింది మూడుసార్లు. మూడూ నేను మొహం చూడనివాళ్లవే.

డీటీపీబాబాయి
ఒక నిజం చెబుతాను. ఊళ్లో వ్యాపారులకు ఇప్పుడు రాసిపెడుతున్నది ఎవరు అనుకున్నారు? నేనే. నాలాంటి డీటీపీ, ఫ్లెక్సీ షాపులవాళ్లు. కరపత్రం అచ్చుకు డబ్బిస్తారు, అందులో మాటలు నేను ఉచితంగా కూర్చి ఇస్తాను. ఇరవై రెండేళ్లుగా "మీ ఆదరాభిమానాలే మాకు శ్రీరామరక్ష" అని అచ్చు వేస్తూనే ఉన్నాను. బట్టల దుకాణానికీ అదే, దంత వైద్యశాలకూ అదే. రచయిత అనే మనిషి ఒకరు ఉంటారని, మాటలకు వేరే డబ్బు ఇవ్వాలని మా గిరాకీకి తెలియదు. మీరు రేటు చెబితే "షాపులో ఊరికే రాస్తున్నారు కదా" అంటారు. సంఘంలో చేరేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మీ మొదటి పోటీ నాతోనే.

ఇంకొకటి, మీరందరూ యూనికోడ్‌లో పంపుతారు. నా మెషిన్‌లో పాత పద్ధతి అను ఫాంట్లు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. పై స్వర్గం సంగతి అలా జరిగిందే అయి ఉంటుంది.

అనువాదిని
బాబాయి గారితో పోటీ ఎందుకు? ఆయనతో కలిసి పనిచేయండి. నేను చేసింది అదే. మాటలు నావి, అచ్చు ఆయనలాంటి వారిది, ఒకే బిల్లులో రెండు వరుసలు. "కంటెంట్" అని ఒక వరుస విడిగా కనబడటమే పెద్ద మార్పు. రెండోసారి వాళ్లే "మాటలకు ఎంత?" అని అడుగుతారు.

ఆడవాళ్లకు ఇంకో సంగతి. కొన్ని సంఘాల కార్యవర్గ సమావేశాలు రాత్రి తొమ్మిదింటికి హోటల్లో మొదలవుతాయి. నేను ఒకసారి వెళ్లి గంటలో వచ్చేశాను. అవమానం ఏదీ జరగలేదు, కానీ నాకు అక్కడ చోటు లేదని అర్థమైంది. ఆ తర్వాత మహిళా పారిశ్రామికవేత్తల సంఘాల వైపు వెళ్లాను. 1993లో మొదలైన ఎలీప్ అనే సంఘానికి హైదరాబాద్ గాజులరామారంలో ఏకంగా మహిళల పారిశ్రామికవాడే ఉంది. కోవే అనే సంఘం కూడా ఉంది. ఒక శిక్షణ తరగతిలో నా పక్కన పచ్చళ్లు తయారుచేసే ఆవిడ కూర్చున్నారు. లేబులు చూపించారు. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గాని దేవనాగరిలో హిందీలో గాని ఉండాలన్నది ఆహార భద్రత నిబంధన. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. ఆవిడ మొత్తం తెలుగులో వేయించి 4,000 లేబుళ్లు పక్కన పడేశారు. పదార్థాల వరుస కూడా ఎక్కువ బరువు ఉన్నది ముందు వచ్చేలా ఉండాలి, అదీ తెలియదు. నేను ఆ నిబంధనలు కూర్చుని చదివాను. ఇప్పుడు ఆహార లేబుళ్లే నా ఆదాయంలో సగం. సంఘం నాకు పని ఇచ్చిందని చెప్పను. ఏ పని నేర్చుకుంటే డబ్బు వస్తుందో చూపించింది.

వేపచెట్టు
ఒక జిల్లా చాంబర్‌కు తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉండి తప్పుకున్నాను. లోపలి నుంచి చెబుతాను.

సంఘం నడిచేదే కాగితం మీద. కార్యవర్గ సమావేశం తీర్మానాలు, సర్వసభ్య సమావేశం నివేదిక, మంత్రి వస్తే ఇచ్చే వినతిపత్రం, బడ్జెట్‌కు ముందు పంపే సూచనలు, పత్రికలకు ప్రకటన, పోయిన సభ్యుడికి సంతాపం, ఏటా సావనీర్. ఇవన్నీ ఎవరు రాస్తారు? కార్యదర్శి, దుకాణం మూసి వచ్చాక, రాత్రి పదకొండింటికి. ఇంగ్లిష్‌లో వచ్చిన పన్ను సర్క్యులర్‌ను నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పమని సభ్యులు ప్రాణం తీసేవారు. ఆ నాలుగు వాక్యాలు సరిగ్గా రాయగలిగిన ఒక్క మనిషి దొరికి ఉంటే నేను ఇంకో ఐదేళ్లు ఉండేవాడిని. పెద్ద సంఘాల్లో దీనికి సిబ్బంది ఉంటారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌టీసీసీఐ, అంటే తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య, 1917 నుంచి ఉన్నది, వాళ్ల తీరు వేరు. జిల్లా సంఘాలకు ఆ వసతి లేదు.

అమ్మా గోదావరిగట్టు, మొదటి రోజే విజిటింగ్ కార్డులు పంచవద్దు. బీమా ఏజెంట్లు అలాగే చేస్తారు, వాళ్లు రాగానే మావాళ్లు ఫోన్ చెవిన పెట్టుకుంటారు. రెండు సమావేశాలు ఊరికే కూర్చుని వినండి. ఎవరు దేనికి ఇబ్బంది పడుతున్నారో నోటుబుక్కులో రాసుకోండి. మూడో సమావేశంలో ఒక తీర్మానం మీరు రాసివ్వండి.

నల్లసిరా
అంటే ఉచితంగా రాయమనేగా? ఇక్కడే నాకు కోపం వస్తుంది. వడ్రంగిని "ముందు ఒక కుర్చీ ఊరికే చేసిపెట్టు, తర్వాత చూద్దాం" అంటారా?

వేపచెట్టు
బాబూ, సంఘానికి ఉచితం, సభ్యుడికి కాదు. ఈ గీత మొదటి రోజే గీయాలి. సంఘానికి నేనూ తొమ్మిదేళ్లు ఉచితంగానే చేశాను, సిమెంటు డీలరు హాలు అద్దె ఇచ్చాడు, హోటలాయన కాఫీ పోశాడు. ఆమె ఒక పేజీ రాస్తుంది. కానీ సిమెంటు డీలరు తన గోడౌన్ ప్రారంభోత్సవ ఆహ్వానం రాయమంటే రేటు చెప్పాలి, మొహమాటపడకూడదు.

అనువాదిని
నేను వేపచెట్టు గారితో సగమే ఏకీభవిస్తాను. సంఘానికి ఉచితం అన్నా హద్దు ఉండాలి. లేకపోతే సావనీర్ మొత్తం మీ నెత్తిన పడుతుంది, 120 పేజీలు. "ఏడాదికి ఇన్ని పేజీలు నా వంతు సేవ, సావనీర్‌కు పారితోషికం" అని ముందే రాసివ్వండి. సావనీర్‌కు ప్రకటనల రూపంలో డబ్బు వస్తుంది, రాసినవాళ్లకు ఇవ్వడానికి ఇబ్బంది ఉండదు.

ఓరుగల్లుకోట
నాకు ఒక బాధ ఉంది, చెప్పవచ్చో లేదో. నేను కథలు రాస్తాను. వ్యాపారులకు ప్రకటనలు రాయడం మొదలుపెడితే ఆ భాష కథలోకి దిగిపోతుందేమో. మిత్రులు కూడా "అక్షరాన్ని అమ్ముకుంటున్నావా?" అంటున్నారు.

బెజవాడబండి
తమ్ముడూ, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. తలనొప్పి మందు అమ్మిన ఆ డబ్బుతోనే 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రిక మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఆ మందు ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. తెలుగు అక్షరానికి ఆయన చేసిన మేలు అంతా అంగడి మీద నిలబడి చేసిందే. మీ మిత్రుల్లో ఎవరైనా మీ ఇంటి అద్దె కడుతున్నారా?

అనువాదిని
నా అనుభవంలో భాష చెడలేదు, బాగుపడింది. పచ్చడి సీసా మీద పన్నెండు మాటలకే చోటు ఉంటుంది. ఆ పన్నెండు ఏరడం నేర్చుకున్నాక నా వాక్యాలు చిక్కబడ్డాయి.

కొబ్బరాకు
కోనసీమ నుంచి. మా దగ్గర సగం సంఘాలు పేరుకు వర్తక సంఘాలు, లోపల ఒకే కులంవాళ్లు. బయటివాళ్లను తీసుకుంటారు కానీ పని తమవాళ్లకే ఇస్తారు. చేరే ముందు కార్యవర్గం జాబితా చూడండి. అన్ని రకాల వ్యాపారాలు, అన్ని వీధుల పేర్లు కనబడితేనే డబ్బు కట్టండి.

మిర్చిఘాటు
ఇది నిజం. కాదనలేను.

పద్దుపుస్తకం
ఎవరూ చెప్పనిది ఒకటి. ఒకే సంఘంలో ఒకే వ్యాపారం చేసే ఇద్దరు మీ దగ్గరికి వస్తారు. ఒకరి ధరలు, రాబోయే శాఖ వివరాలు మీకు తెలిసి ఉంటాయి. నోరు జారితే మీ పని అక్కడితో అయిపోతుంది. ఒప్పందంలో గోప్యత గురించి ఒక వాక్యం పెట్టండి. అలాగే హక్కులు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. మీరు రాసిన బ్రోచర్ మాటలు వాళ్లు ఎన్నాళ్లు, ఎక్కడ వాడుకుంటారో రాసుకుంటే రెండు వైపులా మంచిది.

గోదావరిగట్టు
ఇన్ని మాటలు చదివాక చేరాను. వేపచెట్టు గారు చెప్పినట్టు నోటుబుక్కుతో వెళుతున్నాను. ఉద్యమ్ నమోదు పావుగంటలో అయిపోయింది. మళ్లీ వచ్చి రాస్తాను.

గోదావరిగట్టు
మూడు నెలలు గడిచాయి. మాట ఇచ్చాను కనుక వివరంగా రాస్తున్నాను.

మొదటి సమావేశంలో నేను ఒక్కదాన్నే ఆడమనిషిని. "ఎవరి తరఫున వచ్చారమ్మా?" అని ఇద్దరు అడిగారు. నా తరఫునే వచ్చానన్నాను. రెండు గంటలు చెత్త పన్ను గురించి, పార్కింగ్ గురించి మాట్లాడుకున్నారు. రెండోసారి తాడితోట బట్టల మార్కెట్ వర్తకుడు ఒకాయన తనకు వచ్చిన పన్ను నోటీసు పట్టుకుని తిరుగుతున్నారు. ఇంగ్లిష్‌లో మూడు పేజీలు. కూర్చోబెట్టి తెలుగులో చదివి చెప్పాను. అందులో అడిగింది ఒకే ఒక్క బిల్లు నకలు, జవాబు ఇవ్వడానికి ఇంకా ఆరు రోజులు గడువు ఉంది. ఆయన వారం రోజులుగా నిద్రపోవడం లేదట. ఆయన మొహంలో ఆ బరువు దిగిపోవడం చూశాను. ఆరేళ్లలో నా రాతపని ఒక మనిషి మీద ఏం చేస్తుందో కళ్లతో చూడటం అదే మొదటిసారి. జవాబు మాత్రం పద్దుపుస్తకం గారిలాంటి వారితోనే రాయించుకోమన్నాను, అది నా పని కాదు.

పని వచ్చింది ఆయన నుంచి కాదు, ఆయన బావమరిది నుంచి. కడియంలో నర్సరీ. ఇక్కడి మొక్కలు లారీల్లో దేశమంతా వెళతాయి. కొన్నవాళ్లు నెలకే ఫోన్ చేసి "మీ మొక్క చచ్చిపోయింది" అంటారట. నీళ్లు ఎన్ని, ఎండ ఎంత, కుండీ ఎప్పుడు మార్చాలి అని చెప్పే కాగితం లేదు. నలభై మొక్కలకు చిన్న చీటీలు రాయాలి, తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో. రోజంతా ఆ తోటలో తిరిగాను. నూరువరహాలకు, నందివర్ధనానికి, మనోరంజనికి అక్కడి కూలీ ఆడవాళ్లు చెప్పే జాగ్రత్తలు ఏ పుస్తకంలోనూ లేవు. "ఆకు వేలాడితే నీళ్లు పోయకండి, ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి" అని ఒకావిడ అన్నారు. ఆ మాటనే యథాతథంగా మొదటి వాక్యంగా పెట్టాను. 24,000కు ఒప్పుకున్నాం, సగం ముందు ఇచ్చారు. మిగతాది చీటీలు ఇచ్చిన రోజే చేతిలో పెట్టారు. పక్క నర్సరీ ఆయన కూడా అడిగారు. ఒకరివి ఇంకొకరికి ఇవ్వనని ఇద్దరికీ ముందే చెప్పాను.

ఏజెన్సీ 38,000లో 20,000 వచ్చింది. మిగతాది వస్తుందన్న నమ్మకం లేదు. వాళ్ల కొత్త పని ఒకటి ఉద్యమ్ నంబరు వేసి, 30 రోజుల గడువు రాసి ఒప్పుకున్నాను. ఏజెన్సీలను వదిలేసే స్థితి ఇంకా రాలేదు.

నల్లసిరా
సంతోషం అండి. నా మొదటి పోస్టులో "చేరకండి" అన్నది తొందరపాటు. ఒక సందేహం: ఆ నోటీసు చదివి చెప్పినందుకు డబ్బు తీసుకున్నారా?

గోదావరిగట్టు
లేదండి. ఆయన ఒక చీర ఇవ్వబోయారు, అదీ వద్దన్నాను. పొరపాటు చేశానా?

మిర్చిఘాటు
చీర వద్దనడం పొరపాటే.

వేపచెట్టు
నోటీసుల సంగతి సంఘంలో చెప్పు తల్లీ. నెలకు ఒక పూట సభ్యుల కాగితాలు చదివిపెట్టే ఏర్పాటు చేసి, సంఘం నుంచే నెలకు ఇంత అని నీకు ఇమ్మని తీర్మానం పెట్టించు. తీర్మానం నువ్వే రాయి.

గోదావరిగట్టు
వచ్చే రెండో శనివారం సమావేశం ఉంది, అడుగుతాను. డీటీపీబాబాయి గారూ, నర్సరీ చీటీలు అచ్చుకు వెళ్లాలి. ఇక్కడి షాపులో కూడా అను ఫాంట్లే. వత్తులు పోకుండా ఏం చేయాలి?

డీటీపీబాబాయి
వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండమ్మా. మార్చాక అక్షరం అక్షరం దాంతో పోల్చుకోమని చెప్పండి. ఫైనల్ ప్రూఫ్ కాగితం మీదే చూడండి, ఫోన్‌లో వద్దు. "నందివర్ధనం"లో వత్తు ముందు వెతకండి, తప్పకుండా అక్కడే పోతుంది.